ఆడపీతలకు గుడ్లు రావట్లేదా? ముందు రేకు చూడండి

అన్నా, దేవరకొండలో ట్యాంకు కట్టి, బోరు నీళ్లలో వంట ఉప్పు కలిపి మండపీతలు (ఉప్పునీటి పెద్ద పీతలు) పెంచుతున్నారు, విటమిన్ పౌడర్ వేసినా గుడ్లు రావట్లేదు, అంతే కదా మీ టెన్షన్?

పీతను తిరగేసి పొట్ట కింది రేకు చూడండి. త్రికోణంగా ఉంటే ఇంకా ఈడుకు రానట్టే, ఏ పౌడరూ పనిచేయదు. వెడల్పుగా, గుండ్రంగా ఉంటే స్క్విడ్ (మెత్తటి ఒంటి సముద్ర జీవి), ఆల్చిప్పల మాంసం మార్చి మార్చి పెట్టండి. అండాశయం ఎదగడానికి కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు, కొలెస్ట్రాల్ వాటిలో ఉంటాయి. వెనక వైపు డిప్పకూ రేకుకూ మధ్య సందులో నారింజ రంగు కనబడితే పని అవుతున్నట్టే. అడుగున ఇసుక పరవండి, లేకపోతే గుడ్లు పొట్టకు అంటుకోక రాలిపోతాయి.

వంట ఉప్పు మాత్రం మానేయండి. మన పొలం గట్ల ఎండ్రికాయలు మంచినీళ్లలోనే పిల్లలు చేస్తాయి గానీ, మండపీతల పిల్లలకు లీటరుకు 30 గ్రాముల దాకా ఉప్పదనమున్న సముద్రపు నీళ్లే కావాలి.