బీరువా వెనక నల్ల మచ్చలు, గదిలో ముక్కిన వాసన: గాలి పరీక్ష చేయించాలా?

అద్దె ఇంట్లో పడకగది ముక్కిన వాసన వేస్తోంది, బీరువా జరిపితే వెనక గోడంతా నల్ల మచ్చలు, గాలి శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపమని ఒకాయన అంటున్నాడు, చేయించాలా అని కదా అడిగారు. ఇప్పుడే వద్దు. బూజు కంటికి కనిపిస్తూనే ఉంది, అది ఏ రకమో తెలిసినా చేయాల్సిన పని మారదు. తడి ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోండి, ఆ డబ్బులు రిపేరుకి పనికొస్తాయి.

మా ఇంట్లో ఒక గోడ అడుగున పెయింట్ పొక్కులు లేచి పెచ్చులూడుతుంటే చూసినవాళ్లంతా వాటర్‌ప్రూఫ్ పెయింట్ కొట్టించమన్నారు. గోడకి అవతల బాత్రూమ్ ఉంది. ముందు కుళాయిలన్నీ కట్టేసి, వాటర్ మీటర్ రీడింగ్ రాసుకుని, గంట రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూశాం. కదల్లేదు. అంటే నీళ్లొచ్చే పైపులో లీకు లేదు, కానీ బయటికి పోయే నీళ్ల సంగతి మీటర్ చెప్పదు కదా. అందుకని మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేశాను. బాత్రూమ్ వాడుతున్న రోజుల్లో మచ్చ గీత దాటేది, ఊరెళ్లి వస్తే కాస్త ఆరినట్టుండేది. చివరికి చూస్తే నేల మీద టైల్స్ సందులు, నీళ్లుపోయే జాలీ చుట్టూ సిమెంటు పోయి నీళ్లు లోపలికి దిగుతున్నాయి. అది బాగుచేశాక కూడా గోడ ఆరడానికి నెలలు పట్టింది, అప్పటిదాకా పెయింట్ జోలికి పోలేదు.

మీది బీరువా వెనక కాబట్టి కథ వేరే అయ్యుండొచ్చు. గోడ మీద మచ్చ పక్కనే అడుగు చదరం ప్లాస్టిక్ షీట్ పెట్టి నాలుగంచులూ గాలి పోకుండా టేపు వేసి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. షీట్‌కి గోడవైపు తడి కనిపిస్తే చెమ్మ గోడలోంచి వస్తోంది. గదివైపు తడి పడితే గదిలోని ఆవిరి చల్లగా ఉన్న చోట నీళ్లవుతోంది. రెండోదైతే గోడ పగలగొట్టే పనేం లేదు: బీరువాని నాలుగు వేళ్ల ఎడంగా జరపండి, తడి బట్టలు ఆ గదిలో ఆరేయకండి, స్నానమయ్యాక ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వండి. గాలిలో తేమ చూపించే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొని గదిలో పెట్టుకోండి, 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే టెన్షన్ లేదు.

మచ్చ ఎక్కడుందో కూడా చూడండి. నేల నుంచి సుమారు మీటరు ఎత్తులోపే ఉంటే నేల చెమ్మ పైకి పాకుతుండొచ్చు, సీలింగ్ దగ్గరైతే పైన స్లాబ్ గానీ పైపు గానీ, వానలప్పుడే వస్తే బయటి గోడ పగుళ్లు. గోడ మీద తెల్లటి పొడి కనిపిస్తే నీళ్లు చిలకరించండి, కరిగిపోతే అది ఉప్పు, బూజు కాదు. కానీ ఉప్పు తేలిందంటే గోడలో నీళ్లు తిరుగుతున్నట్టే. అన్నట్టు, గోడలో ఎంత తడి ఉందో గుచ్చి చూసే మాయిశ్చర్ మీటర్లు చెక్కకి లెక్కగట్టి చేసినవి, సిమెంటు గోడలో ఉప్పు ఉంటే ఎక్కువ చూపిస్తాయి, అంకె చూసి కంగారుపడకుండా పొడి గోడతో పోల్చి చూడండి.

వాసన సంగతి: లోపలే ఉంటే మన ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. కిటికీలు మూసేసి బయటికెళ్లి, తిరిగొచ్చిన మొదటి నిమిషంలోనే వాసన పట్టాలి.

తుడవడం విషయానికొస్తే, మచ్చ మొత్తం కలిపి మూడడుగులకు మూడడుగులు మించకపోతే మీరే చేసుకోవచ్చు. ఎన్95 మాస్క్, గ్లవ్స్, కళ్లు పూర్తిగా కప్పే అద్దాలు పెట్టుకుని సబ్బు నీళ్లతో రుద్ది పూర్తిగా ఆరబెట్టండి. పొడిగా గీకితే కంటికి కనిపించని బూజు బీజాలు గదంతా లేస్తాయి. బ్లీచ్‌లో అమ్మోనియా ఉన్న క్లీనర్ ఏదీ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. బూజు లోపలికి పట్టిన ఫోమ్ పరుపు లాంటివి పారేయడమే. తుడిచే ముందు తేదీ పడేలా ఫోటోలు తీసి ఇంటి ఓనర్‌కి పంపండి, ఆ గోడ రిపేరు చేయించాల్సింది ఆయనే అయితే రేపు మాటామాటా రాకుండా ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ఆ పని అయ్యేదాకా వాళ్లని ఆ గది దరిదాపుల్లోకి రానివ్వకండి.