పక్షుల్ని చూడ్డానికి ఏ కాలం మంచిది? నన్నడిగితే మే నెల

ప్రశ్న ఇది: "స్నేహితులం కలిసి పక్షుల్ని చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం. ఏ కాలంలో వెళ్తే బాగుంటుంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పగలరు."

ఎవర్నడిగినా చలికాలం అనే చెబుతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలుంటాయి, నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి అంటారు. నేను మాత్రం మే నెలలో వెళ్ళమంటాను. నాయుడుపేట, సూళ్ళూరుపేట చుట్టుపక్కల చెరువుల వెంట మేం నలుగురం పదకొండేళ్ళుగా తిరుగుతున్నాం. ఒకడు బైకు మెకానిక్కు, ఒకడికి ఎరువుల కొట్టుంది, ఒకాయన హైస్కూల్లో లెక్కల మాస్టారు, నేనొక చిన్న కంపెనీలో పద్దులు రాస్తాను. నలుగురికీ కలిపి రెండు బైకులు, ఒక 8×42 బైనాక్యులర్. ఇన్నేళ్ళలో అంతకుమించి అవసరం పడలేదు.

చలికాలం బాగుండదని అనడం లేదు. జనవరిలో తెల్లారేసరికి సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు మీద ఉంటే రెండు పక్కలా పులికాట్ నీళ్ళే. ఆ లోతులేని నీళ్ళలో ఫ్లెమింగోలు తల కిందికి వంచి, ముక్కు తిరగేసి బురదనీళ్ళు వడగట్టుకుంటూ ఉంటాయి. దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు పోతే నీళ్ళలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు. పిల్ల వచ్చి తల్లి గొంతుసంచిలో మెడ దాకా తల దూర్చి చేపలు తింటుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లి పిల్లను మింగేస్తోందనుకుని మా మెకానిక్ కేక పెట్టాడు. అవి ఆ కాలంలోనే ఎందుకొస్తాయంటే, మా వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. తెలంగాణలో జూన్‌లో పట్టే వాన మాకు ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. చెరువులు నిండాక చేప దొరుకుతుంది, చేప దొరికితేనే పిల్లల్ని సాకగలవు. ఇవన్నీ చూసి తీరాల్సినవే, నాకేం పేచీ లేదు.

పేచీ అక్కడికొచ్చే జనంతోనే. ఒక జనవరి ఆదివారం పులికాట్ గట్టున కారు దిగిన ఒకాయన, ఫ్లెమింగోలు ఎగురుతుంటే రెక్కల ఎరుపు ఫొటోలో బాగా పడుతుందని, పక్కనున్న కుర్రాడితో రాళ్ళు వేయించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. అవి అంత దూరం వచ్చింది తిండి కోసం. లేపిన ప్రతిసారీ తిన్నది కాస్తా రెక్కలకే ఖర్చు. మా లెక్కల మాస్టారు ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పోయి ఆ కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడు. దాంతో పెద్ద గొడవైంది. అప్పట్నుంచి సెలవు రోజుల్లో ఆ రోడ్డుకు వెళ్ళడం మానేశాం.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పేయాలి, చాలా ఏళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉంది. ప్రతి సంవత్సరం పేపర్లో "సైబీరియా నుంచి తరలివచ్చిన విదేశీ అతిథులు" అని రాస్తారు, కింద ఎర్రకాళ్ళ కొంగ ఫొటో వేస్తారు. ఎర్రకాళ్ళ కొంగా, నత్తగుల్ల కొంగా, గూడబాతూ మన నేల మీదే పుట్టి మన చెరువుల్లోనే పెరిగే పక్షులు. వానను బట్టి, నీటిని బట్టి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతాయి, అంతే. ఫ్లెమింగోలు కూడా మన దేశంలో పెద్ద ఎత్తున గూళ్ళు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. నిజంగా హిమాలయాలు దాటి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు, తలమీద రెండు నల్లచారలుండే పెద్దబాతులు, బురదలో పొడుచుకు తినే ఉల్లంకి పిట్టల్లో చాలా రకాలు. వాటి ఫొటో ఎవరూ వెయ్యరు. ఇంటి బిడ్డను చూపించి పరాయి దేశపు చుట్టం అంటే ఎలా ఉంటుందో, ఆ వార్త చదివినప్పుడల్లా నాకలా ఉంటుంది. అతిథి అంటే నాలుగు రోజులుండి పోయేవాడని కదా అర్థం. వీటి చెరువు పోతే పోయేందుకు ఇంకో దేశం లేదు.

సరే, మే నెల సంగతికొస్తాను.

ఐదేళ్ళ క్రితం మే రెండో వారంలో నాయుడుపేటకు పడమటగా ఒక చిన్న ఊరి చెరువుకు వెళ్ళాం. ఊరి పేరు చెప్పను, జనం ఎగబడటం నాకిష్టం లేదు. ఎండాకాలమైతే మేం ఐదున్నరకల్లా అక్కడుండి తొమ్మిదికి తిరుగుముఖం పడతాం. ఆ రోజు బయల్దేరబోతుంటే మాస్టారి బండి వెనక టైరు తుమ్మముల్లుకు పోయింది. పంక్చరు సామాను మెకానిక్ దగ్గర ఉంది గానీ గాలి కొట్టే పంపు పని చెయ్యలేదు. వాడు రెండో బండి మీద నాయుడుపేట పోయాడు. మేం ముగ్గురం చెరువుకట్ట పక్కన తాటితోపు నీడలో చిక్కుకుపోయాం. అంత ఎండలో ఎవరూ పక్షుల్ని చూడరు. మేమూ చూసేవాళ్ళం కాదు, పోవడానికి బండి లేకపోబట్టి చూశాం.

చెరువు మొత్తం ఎండి నెర్రెలు విచ్చింది. తూము దగ్గర మాత్రం నాలుగు గజాల మడుగు మిగిలింది. నేను అటు నడుస్తుంటే ఒక తీతువు నెత్తిమీదికి వచ్చి అరవడం మొదలుపెట్టింది. దూరంగా జీవాలు తోలుకుంటున్న పెద్దాయన కేకేశాడు.

"ఆడికి పోబాకండబ్బా! గుడ్లుండాయి. తొక్కేస్తారు."

నేను ఆగి కాళ్ళకింద చూశాను. ఏం లేదు. ఎండిన మట్టిపెళ్ళలు, గులకరాళ్ళు. ఆయన దగ్గరకొచ్చి చేతికర్రతో చూపిస్తే అప్పుడు కనిపించాయి. మూడడుగుల దూరంలో నాలుగు గుడ్లు, సన్నటి కొనలు లోపలికి పెట్టి సర్దినట్టున్నాయి. ఎండిన బురద రంగు, మీద నల్లటి మరకలు. గూడంటూ ఏమీ లేదు, చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు. ఇంకొక్క అడుగు వేసి ఉంటే నా చెప్పు కింద పడేవి. ఆ ఊహకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మేం వెనక్కొచ్చి తాళ్ళ నీడలో కూర్చున్నాం. ఆ పిట్ట తిన్నగా గుడ్ల దగ్గరికి రాలేదు. ఒకచోట వాలి నాలుగు అడుగులు పరుగెత్తి ఆగుతుంది, ఇంకోవైపు పోయి ఏదో ఏరుకుంటున్నట్టు వంగుతుంది. పావుగంట తర్వాత గుంట దగ్గరికి చేరింది. చేరింది గానీ పొదగడానికి కూర్చోలేదు. గుడ్ల మీదుగా కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, రెక్కలు కొంచెం జార్చి, తన నీడ సరిగ్గా గుడ్ల మీద పడేలా ఒళ్ళు తిప్పుకుంది. నోరు తెరుచుకుని రొప్పుతోంది. కళ్ళముందు ఉండే ఎర్రటి తోలు బైనాక్యులర్‌లో స్పష్టంగా కనిపిస్తోంది. గుడ్డు మీద పిట్ట కూర్చునేది వెచ్చదనం కోసమని బడిలో చదువుకున్నాం. మా ఎండలో గుడ్డును చల్లగా ఉంచడమే దానికి పని.

ఇంతలో తూము మడుగు వైపు నుంచి రెండోది నడుచుకుంటూ వచ్చింది. దాని పొట్ట కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. మడుగులో కూర్చుని పొట్ట ఈకలు తడుపుకుని వస్తోందన్నమాట. మొదటిది పక్కకు తప్పుకుంది. ఇది వచ్చి తడి పొట్టను గుడ్లకు ఆనించి కూర్చుంది. మొదటిది మడుగు వైపు పోయింది. మాస్టారు జేబులో ఎప్పుడూ ఉండే చిన్న పుస్తకంలో టైము రాయడం మొదలుపెట్టాడు. పది నలభై నుంచి ఒంటిగంట పావు వరకు ఏడుసార్లు మారాయి. ఆ లోపల రెండూ ఏమన్నా తిన్నట్టు మాకు కనబడలేదు.

మా ఎరువుల కొట్టువాడు అంతసేపూ మాట్లాడలేదు. వాళ్ళింట్లో తీతువంటే భయం. రాత్రిపూట ఊరి మీదుగా అరుస్తూ పోతే ఎవరో పోతారని వాళ్ళ నాయనమ్మ గుమ్మంలో చెప్పులు తిరగేసేదట. చిన్నప్పుడు ఆ పిట్ట కనిపిస్తే రాళ్ళు వేసేవాణ్ణని ఆ రోజే మాకు చెప్పాడు. పెద్దాయన నీడకొచ్చి కూర్చున్నప్పుడు వాడే అడిగాడు, "తాతా, ఇది అరిస్తే చావంటారు గదా?"

"రాత్రిపూట గుడ్ల కాడికి నక్క వస్తే అరవదా అబ్బయ్యా? దొంగొస్తే మా కుక్క అరవదా?" అన్నాడాయన, ముంజ చెక్కుతూ.

మాకు తలా రెండు ముంజలిచ్చి, ఇంకో మాట చెప్పాడు. మర్నాటి నుంచి చెరువులో మట్టి తోలడానికి ట్రాక్టర్లు వస్తాయట. ఆయన అప్పటికే మూడు పెద్ద రాళ్ళు, ఒక తుమ్మకంప తెచ్చి ఒక పక్కన పడేశాడు. సాయంత్రం ఎండ తగ్గాక, పిట్ట మీద ఎండ లేనప్పుడు అడ్డం పెడతానన్నాడు. ఇప్పుడు పెడితే అది లేచిపోతుంది, లేస్తే గుడ్లు మాడిపోతాయి. ఇది ఆయనకెవరూ చెప్పింది కాదు. గుడ్ల దగ్గర కెమెరా పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేవాళ్ళు ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే చాలని నాకనిపిస్తుంది.

పందొమ్మిది రోజులకు మళ్ళీ వెళ్ళాం. ఆగలేకపోయాం. తుమ్మకంప అలాగే ఉంది, ట్రాక్టరు చాళ్ళు దాని చుట్టూ వంపు తిరిగి పోయాయి. గుంట ఖాళీ. తూము దగ్గర రెండు తీతువులూ ఆకాశం పగిలేలా అరుస్తున్నాయి. కదలకుండా నిలబడి వెతికితే మెకానిక్‌కు కనిపించింది, చక్రం చాలులో నేలకు అతుక్కుని పడుకున్న ఒక పిల్ల. నా బొటనవేలంత తల, మట్టి రంగు నూగు. కన్ను తెరిచే ఉంది, రెప్ప వాల్చలేదు. మేం అక్కణ్ణుంచే వెనక్కి నడిచాం. మిగతా మూడూ ఏమయ్యాయో మాకు కనబడలేదు.

అందుకే మే నెల అంటున్నాను. చలికాలంలో వేల పక్షులుంటాయి, కన్ను ఒకదాని మీద నిలవదు. ఎండాకాలం చెరువులో నాలుగైదు రకాలే మిగులుతాయి. ఉన్న నీళ్ళూ ఒకచోటే కాబట్టి అన్నీ అక్కడికే రావాలి. మీరు నీడలో ఉంటే చాలు.

అక్టోబరు గురించి కూడా ఒక మాట. వానలకు ముందు మా వైపు పొలంకి పిట్ట దిగుతుంది. ఆకుపచ్చ వీపు, పొట్ట కింద కుంకుమ రంగు, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. ఉత్తరాన పిల్లల్ని చేసుకుని చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు పోతుంది. రాత్రిళ్ళు ప్రయాణం చేస్తుంది కాబట్టి దీపాలకు, అద్దాలకు బెదిరి ఇళ్ళలో పడుతుంది. ఒక పొద్దున మా మెకానిక్ షెడ్డులో పాత టైర్ల మధ్య ఒకటి దొరికింది. అట్టపెట్టెకు కన్నాలు పెట్టి, లోపల గుడ్డ పరిచి, సాయంత్రం దాకా చీకట్లో ఉంచాం. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఊపిరి అడ్డుపడి చస్తుంది. పొద్దుగూకాక మామిడితోటలో మూత తీస్తే రెండు నిమిషాలు చూసి ఎగిరిపోయింది. ప్రపంచమంతా ఆ జాతి పక్షుల్ని పిట్టా అనే పిలుస్తుంది. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియ్యో ఆ పేరు పెట్టింది మన తెలుగు మాటతోనే. మన పిల్లలకు మాత్రం పేర్లన్నీ ఇంగ్లీషులో నేర్పుతున్నాం.

మన పేర్లు ఎలా మిగిలాయంటే, 1840ల్లో జెర్డాన్ అనే డాక్టరు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేస్తూ అక్కడి యానాది గిరిజనుల దగ్గర కూర్చుని చెట్లూ పిట్టల సంగతులు తెలుసుకున్నాడు. తర్వాత రాసిన పుస్తకంలో తెలుగు పేర్లు చేర్చాడు. ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టిన కలివికోడి ఇక లేదనుకున్న పక్షి, 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. రాత్రిపూట దాన్ని చేతికి చిక్కించుకున్నది కూడా అక్కడి వేటగాడే. అందుకే నేననేది, ఫోన్లో యాప్ ఉంటే ఉండనివ్వండి, ముందు జీవాలు కాసేవాళ్ళను, చేపలు పట్టేవాళ్ళను అడగండి. మాకు ఏ చెరువుకు పోయినా మొదటి పని అదే.

నలుగురికి మించి వెళ్ళొద్దు. ఐదో మనిషి వస్తే మాటలు మొదలవుతాయి, ఇది మాకు చాలాసార్లు తెలిసొచ్చింది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, తలకు తువ్వాలు, మట్టి రంగు చొక్కా. పంపు పనిచేస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఎండిన చెరువులో నడుస్తుంటే తీతువు నెత్తిన అరిచిందంటే ఉన్నచోటే ఆగిపోండి. కాళ్ళకింద చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. గుడ్లు కనబడకపోయినా సరే, ముందుకు మాత్రం పోబాకండి.