రిసెప్షన్ లెహంగా కుట్టించుకోవాలా, రెడీమేడ్ కొనాలా?

ప్రశ్న: వచ్చే మాఘంలో నా పెళ్లి, ఇంకా అయిదు నెలలుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికొచ్చే జీతం 46,000. అద్దె, ఖర్చులు 28,000 పోను నెలకు 18,000 మిగులుతాయి. బ్యాంకులో 1,80,000 ఉన్నాయి. పెళ్లి ఖర్చు నాన్నగారు చూసుకుంటున్నారు, నా బట్టలు మాత్రం నా డబ్బుతోనే కొనుక్కోవాలని నా కోరిక. ముహూర్తానికి 32,000లో పట్టుచీర చూసి పెట్టాం. రిసెప్షన్ లెహంగా దగ్గరే ఎటూ తేలడం లేదు. బొటిక్‌లో మగ్గం వర్క్‌తో కుట్టిస్తే 85,000 అన్నారు. దాదాపు అలాంటిదే షాపులో రెడీమేడ్ 42,000కు ఉంది. ‘పెళ్లి ఒక్కసారే కదా, కుట్టించుకో, కావాలంటే నా గాజులు తాకట్టు పెడదాం’ అంటోంది అమ్మ. ఏం చేయమంటారు? - ఖమ్మం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ముందు గాజుల సంగతి. వాటిని బీరువాలోంచి తియ్యకండి. తాకట్టు పెట్టిన బంగారానికి నెలనెలా వడ్డీ నడుస్తుంది. ఆ డబ్బుతో కొన్న లెహంగాకు తిరిగి అమ్మితే సగం ధర రావడం కూడా కష్టం. మీ అమ్మగారి ప్రేమను కాదనడం లేదు. ఆ ప్రేమకు వేరే దారి ఉంది, కింద చెప్తాను.

మీ దగ్గర బట్టలకు నిజంగా ఎంత ఉందో చూద్దాం. పెళ్లయ్యాక ఇల్లు మారొచ్చు, ఉద్యోగం మారాల్సి రావచ్చు. ఆరు నెలల ఖర్చు, అంటే 1,68,000 బ్యాంకులో కదలకుండా ఉండాలి. పైన మిగిలేది 12,000. అయిదు నెలల పొదుపు 90,000. మొత్తం 1,02,000. అదే మీ హద్దు.

ఖర్చు చూడండి. చీర 32,000. దాని జాకెట్టుకు మగ్గం వర్క్ 8,500, కుట్టుకూలి 1,500, లైనింగ్, ట్రయల్ జాకెట్టు కలిపి 1,000. ఫాల్, పీకో, లోపలి లంగా మరో 1,000. ఇవన్నీ 44,000. దీనికి బొటిక్ లెహంగా కలిపితే 1,29,000, అంటే 27,000 తక్కువ పడుతుంది. రెడీమేడ్ 42,000, దాని ఆల్టరేషన్‌కు 3,000, చేతిలో 5,000 ఉంచుకుంటే 94,000తో సరిపోతుంది.

ఒక్క మాట అడిగి తెలుసుకోండి: ఆ 42,000 పన్నుతో కలిపా, పన్ను కాకుండానా? 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 దాటిన కుట్టిన బట్టలపై జీఎస్టీ 18 శాతం. విడిగా వేస్తే 42,000 కాస్తా 49,560 అవుతుంది, చేతిలో ఉంచుకున్న 5,000 పన్నుకే పోయి ఇంకా మీద పడుతుంది. పట్టుచీరపై 5 శాతమే. బేరం ఎప్పుడూ బిల్లు చివరి అంకె మీద ఆడండి, ట్యాగ్ మీద కాదు.

ఇప్పుడు అసలు విషయం. కుట్టించడమా, రెడీమేడా అని మొత్తం బట్టలకు ఒకే ప్రశ్న వేసుకుంటున్నారు. ఒక్కో బట్టకు ఒక్కో జవాబు ఉంటుంది. కుట్టించే డబ్బు ముహూర్తం జాకెట్టు మీద పెట్టండి. లెహంగా రెడీమేడ్ తీసుకోండి. ఆ జాకెట్టు ఇంకో నాలుగు పట్టుచీరల మీదకు పనికొస్తుంది. పైగా కొలత అంగుళం తేడా వస్తే దాచుకోలేనిది అదే. లెహంగాలో నడుము దగ్గర నాడా సర్దుతుంది, దుపట్టా కప్పేస్తుంది.

మగ్గం జాకెట్టు ఎక్కడ చెడుతుందో చెప్తాను. మగ్గం వర్క్ అయ్యాక ఆ గుడ్డ సాగదు. తలంబ్రాలకు రెండు చేతులూ తలపైకి ఎత్తాలి. చంక దగ్గర బిగుతుగా ఉంటే అక్కడే పట్టు చిరుగుతుంది, లేదా జాకెట్టంతా పైకి లేస్తుంది. అందుకే పట్టుగుడ్డ మీద పెన్సిల్ పెట్టకముందే మామూలు కాటన్ గుడ్డతో అదే కొలతల ట్రయల్ జాకెట్టు కుట్టించండి. వేసుకుని చేతులెత్తండి, పీట మీద కూర్చోండి, వంగి చూడండి. సరిపోయాక దాన్నే నమూనాగా పెట్టి పట్టు మీద గీయించండి. చీరతో వచ్చే జాకెట్టు ముక్క సాధారణంగా 80 సెంటీమీటర్లే. మోచేతి చేతులు కావాలంటే చాలకపోవచ్చు. మగ్గానికి ఇచ్చే ముందే టైలర్‌తో పరిచి చూడమనండి.

కుట్టు పడే అంచుల్లో అర అంగుళం పూసలు లేకుండా వదలమనండి. పూస మీద మిషన్ సూది పడితే సూది విరుగుతుంది, పూస పగులుతుంది. పక్క కుట్లలో లోపల రెండు అంగుళాల మార్జిన్ ఉండాలి. పెళ్లికి ముందు మనిషి చిక్కడమో, లావెక్కడమో మామూలే. కుందన్లు దారంతో కుట్టారా, గమ్‌తో అతికించారా అని అడగండి. అతికించినవి ఇస్త్రీ వేడికి, చెమటకు ఊడిపోతాయి.

రెడీమేడ్ లెహంగాలో చూడాల్సింది పొడవు. రిసెప్షన్‌కు వేసుకునే చెప్పులతోనే ట్రయల్ చేయండి. పొడవు ఎక్కువైతే కొందరు కింద కత్తిరిస్తారు. అలా చేస్తే మీరు డబ్బిచ్చి కొన్న బోర్డరే పోతుంది. నడుము దగ్గర నుంచి తగ్గించాలి. అయితే లెహంగాలో నిలువుగా కలిపి కుట్టే ముక్కలు, అంటే కలీలు, పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటాయి కాబట్టి పైన కోస్తే నడుము చుట్టుకొలత పెరుగుతుంది. ప్రతి కలీ నుంచీ కొంచెం కొంచెం లోపలికి తీయాలి. వర్క్ నడుము దాకా ఉన్న ముక్కలో అది కుదరదు. అలాంటిది మీ ఎత్తుకు సరిపోకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. సెమీ స్టిచ్‌డ్ (సగం కుట్టి అమ్మేది) అయితే జాకెట్టు ముక్క మీద మెడ, చేతుల వర్క్ ముందే ఒక చోట పడిపోయి ఉంటుంది, మీకు నచ్చిన మెడ పెట్టించడం కుదరదు. బరువు కూడా చూడండి. కాన్‌కాన్‌తో (లెహంగా ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే గట్టి నెట్ గుడ్డ) కలిపి బరువెక్కువైతే మూడు గంటలు నిలబడేసరికి నడుము జారుతుంది. నాడాతో పాటు హుక్కులు, గట్టి పట్టీ వేయించండి.

బొటిక్ చెప్పిన ధర అన్యాయమని నేను అనను. నలుగురు పనివాళ్లు పది రోజులు మగ్గం ముందు కూర్చుంటే, రోజుకు వెయ్యి లెక్కన కూలే 40,000. ఆ చేతిపనికి ఆ విలువ ఉంది. మీ కొలతలకు రెడీమేడ్ ఏదీ కుదరకపోతే, మీ పొదుపు ఇంకాస్త ఎక్కువైతే అదే తీసుకోమనేవాణ్ని. ఇప్పుడు మాత్రం ఆ 27,000 అప్పుగా తేవాల్సిందే. క్రెడిట్ కార్డు మీద గీకి, బిల్లు గడువులోగా మొత్తం కట్టలేకపోతే, నెలకు 3.5 శాతం వడ్డీ అనుకున్నా నెలకు 945, దానిపై జీఎస్టీ.

ఇక మీ అమ్మగారి కోసం. ఆవిడ పెళ్లి పట్టుచీర ఉందా? బీరువాలోంచి గాజుల బదులు దాన్ని తీయమనండి. చీర వెడల్పు సాధారణంగా 45 అంగుళాల పైనే ఉంటుంది. పై అంచు తీసేస్తే లెహంగా పొడవు వస్తుంది, కింది బోర్డర్ నేరుగా అంచుకు వస్తుంది. అయిదున్నర మీటర్లకు ఘేర్ (కింది చుట్టుకొలత) బాగానే వస్తుంది. ముందు మడతల దగ్గర వెలుతురుకు ఎత్తి చూడండి. పాత పట్టు ముందు మడతల్లోనే చీలుతుంది. గుడ్డ గట్టిగా ఉంటే లైనింగ్, కాన్‌కాన్, కొత్త దుపట్టా, కుట్టుకూలి అన్నీ కలిపి ఎంతవుతుందో రాయించుకోండి. అది 42,000లో సగమైనా కాకపోతే నేనైతే దానికే ఓటేస్తాను.

ఏది కుట్టించినా డబ్బంతా ముందే ఇవ్వకండి. అడ్వాన్స్ మూడో వంతు, గుడ్డ మీద డిజైన్ గీసి మీకు చూపించాక మరో మూడో వంతు, వేసుకుని చూశాక మిగతాది. బిల్లు మీద గుడ్డ రకం, వర్క్ రకం, కుట్టుకూలి విడివిడిగా ఉండాలి, తేదీ ఉండాలి. ఆ తేదీ సంక్రాంతికి కనీసం పది రోజుల ముందుది అయ్యేలా చూడండి. మగ్గం పనివాళ్లలో చాలామంది బెంగాల్, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు, పండగలకు ఊరెళ్తే తిరిగి రావడానికి రెండు వారాలు పడుతుంది. సంక్రాంతి దాటితే మాఘం ముహూర్తాల పనితో మీ ఊరి టైలర్ కూడా ఫోన్ ఎత్తడు.