మౌస్ మీ చేతిలోనే ఉండాలి

శ్రీకాకుళం నుంచి ఒకావిడ రాశారు. వయసు 64. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యారు, రెండేళ్ల కిందట పోయారు. బ్యాంకు, కరెంటు బిల్లు, గ్యాస్ అన్నీ ఆయనే చూసుకునేవారు. ఇప్పుడు మరిది కొడుకు చూస్తున్నాడు, ఫోన్‌పే పిన్, ఏటీఎం పిన్ రెండూ వాడికి తెలుసు. బెంగళూరులో ఉన్న కొడుకు ల్యాప్‌టాప్ కొనిచ్చాడు గానీ ఫోన్లో చెప్పేటప్పుడు రెండో నిమిషానికే విసుక్కుంటాడు. టౌన్లో ఒక కోచింగ్ సెంటర్లో చేరితే పక్కన అందరూ డిగ్రీ పిల్లలు, మూడో రోజుకే ఎక్సెల్లోకి వెళ్లిపోయారట, ఒక కుర్రాడు నవ్వాడని మానేశారు. "ఈ వయసులో నీకెందుకీ పిచ్చి అంటున్నారు, నిజంగా పిచ్చేనా? పిన్ మారుస్తానంటే మావాడు బాధపడతాడేమో, హాస్పిటల్‌కి తీసుకెళ్లేది వాడే. రోజూ కథలు చదువుకోవడం తప్ప నాకింకేమీ రాదు" అని రాశారు.

అమ్మా, పిచ్చి కాదు. మానెయ్యడం కూడా తప్పు కాదు, అది మీ కోసం పెట్టిన క్లాసు కాదు. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్), పీజీడీసీఏ (కంప్యూటర్ డిప్లొమా) బ్యాచుల్లో సిలబస్ అవగొట్టి సర్టిఫికెట్ ఇచ్చి పంపెయ్యాలి, ఆ పిల్లలకి ఉద్యోగం తొందర. వాళ్లకి సర్టిఫికెట్ కావాలి, మీకు గ్యాస్ బండ కావాలి. రెండింటినీ ఒకే గదిలో కూర్చోబెడితే నవ్వులే వస్తాయి. మనవాళ్లే కాదు, ప్రభుత్వం ఆలోచనా ఇలాగే ఉండేది చూడండి, పల్లెల్లో కంప్యూటరు నేర్పడానికని కేంద్రం 2017లో పెట్టిన డిజిటల్ సాక్షరత పథకంలో, అది 2024లో ముగిసిపోయింది, వయసు 14 నుంచి 60 దాకానే ఉండేది. 61 వచ్చినవాళ్ల ఊసే ఉండేది కాదు, పెన్షన్ కాగితాలు మాత్రం ఆన్‌లైన్లో చేసుకోమంటారు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు చెబుతుంటారు, అక్కడి లైబ్రరీల్లో, సీనియర్ సెంటర్లలో క్లాసులు వేరు, ఓపెన్ ల్యాబ్ అని వేరు. ఓపెన్ ల్యాబ్‌లో పాఠం ఉండదు. ఎవరి పని వాళ్లు తెచ్చుకుని సిస్టం ముందు కూర్చుంటారు, ఎక్కడో ఆగిపోతే చెయ్యెత్తుతారు, ఒకరొచ్చి చెబుతారు. మీకు కావలసింది అదీ. కోచింగ్ సెంటర్లు పొద్దున్నా సాయంత్రమే నిండుతాయి, మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక సిస్టంలు చాలావరకు ఖాళీగా పడుంటాయి. మీలాంటి వాళ్లు ముగ్గురో నలుగురో కలిసి వెళ్లి, క్లాసు వద్దు, వారానికి రెండు మధ్యాహ్నాలు గంటకింత అని ఇస్తాం, పక్కన ఒక మనిషి ఉంటే చాలు అని అడగండి. ఒక్కరే వెళ్తే "మేడమ్, బ్యాచ్ లేదండి" అంటారు, నలుగురు వెళ్తే లెక్క వేసుకుంటారు. మీ ఆయన వైపు పెన్షనర్ల సంఘంలో అడిగితే ఆ నలుగురూ అక్కడే దొరుకుతారు. ఒక జాగ్రత్త, ఆ సిస్టంలలో బ్యాంకు మాత్రం తెరవకండి, అది మీ సొంత ఫోన్లోనే.

నేర్పేవాళ్లకి ఒక్క షరతు పెట్టండి: మౌస్ ముట్టుకోకూడదు. ఇది నేను దెబ్బ తిని తెలుసుకున్నాను. విజయనగరంలో మా అమ్మకి వీడియో కాల్ నేర్పుతూ, ఆవిడ వేలు తెర మీద ఆగిన ప్రతిసారీ "ఇటియ్యి" అని లాక్కుని నేనే నొక్కేసేవాణ్ని. చకచకా అయిపోయేది. నెల తర్వాత చూస్తే ఆవిడకి ఒక్క ముక్క రాలేదు, పైగా నేను పక్కకి రాగానే ఫోను నా చేతికిచ్చేసి కొంగు సర్దుకుని కూర్చునేది. అప్పుడు అర్థమైంది, నేను నేర్పింది అదేనని. ఆవిడ మాత్రం ఒక నోట్‌బుక్కులో "పచ్చ బొమ్మ, తర్వాత కింద మూడోది" అని రాసుకుంది. ఓ రోజు యాప్ అప్‌డేట్ అయి మూడోది రెండోదైపోయింది, పుస్తకం మూలకి పోయింది. అందుకని మీరు రంగూ, ఎన్నోదీ రాసుకోకండి, దాని మీద ఏమని రాసి ఉందో, అది ఎందుకు నొక్కుతున్నారో రాసుకోండి. డబుల్ క్లిక్‌కి చెయ్యి వణుకుతుంటే ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టండి, సాధారణంగా అదే పని అవుతుంది. బైఫోకల్ కళ్లద్దాలుంటే తల పైకెత్తి తెర చూడాల్సొస్తుంది, మెడ పట్టేస్తుంది. కళ్ల డాక్టరుకి ఆ దూరం చెప్పి వేరే అద్దాలు రాయించుకోండి. ఇలాంటి వాటికి భయపడి నావల్ల కాదనుకున్నవాళ్లని నేను చాలామందిని చూశాను.

మీ అబ్బాయిని నేర్పమని అడగడం మానెయ్యండి. వాడికి మీ తెర కనపడదు, మీకు వాడి మాట అందదు, ఇద్దరికీ బీపీయే. వాడితో కబుర్లు చెప్పుకోండి చాలు.

ఇక మరిది కొడుకు. మీ ఉత్తరం అంతా కంప్యూటరు గురించే గానీ మీకు నిద్ర పట్టనిది ఈ సంగతికే అనిపించింది నాకు. వాడు చెడ్డవాడని మీరెక్కడా రాయలేదు, నేనూ అనుకోవట్లేదు. కానీ వంద రూపాయల రీఛార్జికి కూడా వాడు ఎప్పుడొస్తాడా అని గుమ్మం వైపు చూడాల్సి రావడం, అడిగితే "ఏటి పెద్దమ్మా, నీకెందుకివన్నీ" అనిపించుకోవడం, అది కష్టమే. బ్యాంకువాళ్లు మార్చమన్నారని అబద్ధం చెప్పకండి, తర్వాత తెలిస్తే అప్పుడు నిజంగా బాధపడతాడు. కూర్చోబెట్టి చెప్పండి, "బాబూ, నీ మీద అనుమానం కాదు. రేపు లెక్కలో ఎక్కడైనా తేడా వస్తే నలుగురూ నిన్నే అంటారు, ఆ మాట నీ మీదకి రాకూడదు" అని. ఇది నిజం కూడా. చెప్పిన రోజే మార్చెయ్యండి, వాయిదా వేస్తే ఇద్దరికీ ఇబ్బంది. హాస్పిటల్‌కి వాడితోనే వెళ్లండి.

వాడికి ఇంకో పని కూడా అప్పగించండి. రైల్వే ఫ్యామిలీ పెన్షన్ కాబట్టి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామని చెప్పే కాగితం, ఇవ్వాలి కదా. ఈసారి బ్యాంకులో లైన్లో నిలబడకుండా ఫోన్లో జీవన్ ప్రమాణ్ చెయ్యండి, ఆ సర్టిఫికెట్‌నే ఆన్‌లైన్లో ఇవ్వడం అన్నమాట. 2021 నుంచి వేలిముద్ర లేకుండా ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు, అంట్లు తోమి వేలి గీతలు అరిగిపోయినవాళ్లకి ఇది పెద్ద వరం. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ అని రెండు యాప్‌లు కావాలి. వెలుతురున్న చోట కూర్చుని ఫోను మీరే పట్టుకోవాలి, వాడు ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుని చెప్పాలి. అయ్యాక ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది, దాన్ని చెరపకండి.

పిన్ మీ చేతికొచ్చాక దొంగలు కూడా మీతోనే మాట్లాడతారు, అది గుర్తుంచుకోండి. మనకి డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, కొట్టమంటే వాడు మోసగాడే. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డిజిటల్ అరెస్ట్ చేశామంటారు, మన చట్టంలో అలాంటిదేదీ లేదు, ఫోన్ పెట్టెయ్యండి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

కథలు చదువుకోవడం తప్ప ఏమీ రాదన్నారు. మీ ఊళ్లోనే తెలుగు కథల లైబ్రరీ కథానిలయం ఉంది కదమ్మా, కథా రచయిత కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, 1997లో దాన్ని మొదలుపెట్టేనాటికి ఆయనకి 70 దాటాయి. అక్కడి కథలు వేలకొద్దీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎక్సెల్ పక్కన పెట్టి, మొదటి మధ్యాహ్నం సెర్చిలో తెలుగులో కథానిలయం అని కొట్టండి, మీకు నచ్చిన రచయిత పేరు వెతకండి. కథ చివరిదాకా వెళ్లేసరికి పేజీ కిందకి జరపడం, పెద్దది చెయ్యడం, వెనక్కి రావడం అన్నీ వచ్చేసి ఉంటాయి.

అన్నట్టు ఆ ల్యాప్‌టాప్ ఎన్నాళ్లుగా బీరువాలో ఉందో. ముందు గంటసేపు ఛార్జింగ్ పెట్టండి. ఆన్ చేసి వైఫై కలిపాక అప్‌డేట్లు అంటూ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆఫ్ చెయ్యొద్దని తెర మీద వస్తుంది, పాడైపోయిందని కంగారుపడకండి. ఈలోగా పప్పు పొయ్యి మీద పెట్టుకోండి.