క్రీపరా, క్రీపర్లా? వికీ పేజీకి ఏ పేరు పెట్టాలి

ప్రశ్న: నమస్తే అండీ. మేం నలుగురం స్నేహితులం, ఇంజినీరింగ్ మూడో ఏడు. మైన్‌క్రాఫ్ట్ గురించి తెలుగులో ఒక ఫ్యాన్ వికీ మొదలుపెట్టాం, మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీద. వందకు పైగా పేజీలు రాశాం గానీ పేర్ల దగ్గర రోజూ గొడవే. ఒకడు ‘డైమండ్ స్వోర్డ్’ అని పెడతాడు, ఇంకొకడు ‘వజ్రపు కత్తి’ అంటాడు, మూడోవాడు ‘కత్తులు’ అని అన్నీ ఒకే పేజీలో కలిపేస్తాడు. ఎండర్‌మ్యాన్ అనే జీవికి అయితే మూడు పేజీలు తయారయ్యాయి. ఆట మేం ఇంగ్లీషులోనే ఆడతాం. పేర్లన్నీ ఒక పద్ధతిలోకి తేవాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఒక వారం పాటు కొత్త పేజీలు ఆపేయండి. వంద పేజీలు సర్దడం నలుగురికి ఒక ఆదివారం పని. అదే వెయ్యి అయ్యాక ఎవరికీ ఓపిక ఉండదు, నేను చూశాను.

పేరు ఎవరి కోసం పెడుతున్నారో తేల్చుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మీ పాఠకుడు ఆట మధ్యలో ఆగి, ఫోన్ తీసి, తెర మీద ఏ పేరు చూశాడో ఆ పేరే వెతుకుతాడు. అక్కడ డైమండ్ స్వోర్డ్ అని ఉంది కాబట్టి పేజీ పేరూ అదే, తెలుగు లిపిలో. ‘వజ్రపు కత్తి’ నాకూ చెవికి ఇంపుగానే ఉంది, దాన్ని వ్యాసం మొదటి వాక్యంలో రాయండి, ఆ పేరుతో ఒక దారిమార్పు పేజీ (తెరవగానే అసలు పేజీకి తీసుకెళ్ళేది) కూడా పెట్టండి. అనువాదాన్నే అసలు పేరు చేస్తే వచ్చే చిక్కేమిటంటే, ఆటలోని జీవుల్లో స్కెలిటన్‌ని అస్థిపంజరం అంటాం సరే, క్రీపర్‌ని ఏమంటాం? ఎండర్‌మ్యాన్‌ని? సగం పేర్లు అనువాదమై సగం అలాగే ఉండిపోతే, తను వెతికేది ఏ సగంలో ఉందో పాఠకుడు ప్రతిసారీ ఊహించుకోవాలి. ఇంకో మాట, ప్రతి పేజీకీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరుతో కూడా దారిమార్పు తప్పకుండా పెట్టండి. తెలుగు కీబోర్డు లేని ఫోన్లు ఇంకా చాలా ఉన్నాయి, ఉన్నా హడావుడిలో దాన్ని మార్చుకునేవాళ్ళు తక్కువ.

ఏకవచనమా, బహువచనమా అన్నదానికి నా ఓటు ఏకవచనానికే. ఇంగ్లీషు మైన్‌క్రాఫ్ట్ వికీ (2023లో, వికీలకి చోటిచ్చే ఫ్యాండమ్ అనే సైటు నుంచి బయటికొచ్చి వేరే చోట స్థిరపడింది) నియమం కూడా అదే. మనకైతే ఇంకో కారణం ఉంది. పేరు ‘క్రీపర్’ అని ఉంటే దానికి లింకు ఇచ్చి వెనక ని, తో, కి అని రాసుకుంటూ పోవచ్చు. అదే ‘క్రీపర్లు’ అని ఉంటే వాక్యంలోకి రాగానే ‘క్రీపర్లకి’, ‘క్రీపర్లతో’ అయిపోతుంది, లింకు అతకదు, ప్రతిచోటా లోపల రెండో పేరు రాయాల్సి వస్తుంది. ‘జీవుల జాబితా’ లాంటి పేజీలు వేరే సంగతి, అవి జాబితాలే.

ఇక ఒకే జీవికి మూడు పేజీలు అన్నారే, దానికి మీ గొడవ ఒక్కటే కారణమని నేననుకోను. ఆ మూడు పేర్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. ‘ఎండర్ మ్యాన్’లో మధ్యన ఖాళీ ఉంది. ‘ఎండర్మ్యాన్’లో ఖాళీ లేక, ర కింద మ వత్తు వచ్చి చేరింది. ‘ఎండర్‌మ్యాన్’లో కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, పొల్లు తర్వాత వచ్చే హల్లు వత్తుగా మారకుండా ఆపడం దాని పని. మనకి అది కావాలి, అది లేకపోతే ఇలాంటి పేర్లు చదవడానికే కష్టం. కానీ కొన్ని కీబోర్డుల్లో పదం చివర పొల్లు వచ్చినా ఆ కనిపించని అక్షరం దానంతటదే వచ్చి చేరుతుంది. అప్పుడు ‘క్రీపర్’ అనే రెండు పేజీలు పుడతాయి. చూపుకి రెండూ ఒక్కటే, సాఫ్ట్‌వేర్‌కి మాత్రం వేరువేరు పేర్లు. ఒక చిన్న ఆట వికీలో పనిచేస్తున్నప్పుడు నాకు ఇది ఎదురైంది. పేజీ కళ్ళెదుట ఉంది, దానికిచ్చిన లింకేమో ఎర్రగానే ఉంది, అంటే అసలు పేజీయే లేదని అర్థం. రాత్రి ఒంటిగంట దాకా పిచ్చెక్కినట్టు వెతికి, చివరికి ఆ పేరు చివరన కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ కొట్టాను. మొదటి నొక్కుకి ఏమీ చెరగలేదు. రెండోసారి కొడితే పొల్లు పోయింది. ఆ ఏమీ చెరగని నొక్కులోనే ఉంది అంతా. కాబట్టి మీ నియమం ఇలా ఉండాలి: పదం మధ్యలో ఆ అక్షరం ఉండొచ్చు, చివర ఉండకూడదు. అది లేని పేరు నుంచీ, ఖాళీతో ఉన్న పేరు నుంచీ దారిమార్పులు పెట్టాలి.

స్పెల్లింగు కూడా అంతే. జాంబీయా జోంబీయా, స్కెలిటనా స్కెలెటనా, ఏదో ఒకటి నలుగురూ కూర్చుని ఖాయం చేసుకుని ఒక పట్టికలో రాసిపెట్టండి. ఏది ఎంచుకున్నారన్నది పెద్ద విషయం కాదు, ‘జాంబీ’ అని పెట్టాక ‘జాంబీ విలేజర్’ కూడా జాంబీయే అయి ఉండాలి.

ఆట వాళ్ళే పేర్లు మారుస్తారు, దానికీ సిద్ధంగా ఉండండి. 2020లో 1.16 వెర్షన్ వచ్చినప్పుడు జాంబీ పిగ్‌మ్యాన్ కాస్తా జాంబిఫైడ్ పిగ్లిన్ అయింది. పేరు మారిన రోజే పేజీని కొత్త పేరుకి తరలించండి, పాత పేరు దారిమార్పుగా ఉండిపోతుంది, ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళు ఇంకా ఆ పాత పేరుతోనే వస్తారు. అన్నట్టు, గడ్డి మొక్కని చాలా కాలం ఉత్త ‘గ్రాస్’ అనేవాళ్ళు, పక్కనే ‘గ్రాస్ బ్లాక్’ ఉండేది, 2023లో 1.20.3తో దాన్ని ‘షార్ట్ గ్రాస్’ చేశారు. ఇలా రెండిటికీ సరిపోయే పేరు తగిలినప్పుడు ‘గ్రాస్’ అనే పేజీని అయోమయ నివృత్తికి వదిలేయండి, ఏది కావాలో పాఠకుడే ఎంచుకుంటాడు. వెర్షన్ల పేజీలకి ఉత్త ‘1.16’ అని పెట్టకండి, ‘జావా ఎడిషన్ 1.16’ అనండి, ఎందుకంటే ఇదే ఆటకి రెండో రూపమైన బెడ్‌రాక్ ఎడిషన్‌కి కూడా 1.16 ఉంది.

పొడుగు పేర్లకి ఒక హద్దు ఉంది. మీడియావికీలో పేజీ పేరు 255 బైట్లు దాటకూడదు, తెలుగులో ఒక్కో గుర్తుకి 3 బైట్లు. ‘స్ట్రా’ అని రాస్తే మనకి ఒక్క అక్షరం, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. మామూలు పేర్లకి ఇబ్బంది రాదు, సాధించాల్సిన లక్ష్యాల పేర్లని పూర్తి వాక్యాలుగా రాసేవాళ్ళకి వస్తుంది.

సర్దేటప్పుడు ఒక్క తప్పు మాత్రం చేయకండి. పాత పేజీలోది కాపీ చేసి కొత్త పేజీలో అతికించకండి, ఎవరు ఎప్పుడు ఏం రాశారన్న చరిత్ర పాత పేజీలోనే ఉండిపోతుంది, రాసినవాళ్ళ కష్టం కనిపించకుండా పోతుంది. ‘తరలించు’ అన్న సౌకర్యం ఉన్నదే అందుకు. మూడు ఎండర్‌మ్యాన్ పేజీల్లో ఎక్కువ చరిత్ర ఉన్నదాన్ని ఉంచి, మిగతా రెండిట్లో పనికొచ్చేది అందులోకి తెచ్చి, ఎక్కణ్ణుంచి తెచ్చారో దిద్దుబాటు సారాంశంలో రాసి, ఆ రెండిటినీ దారిమార్పులు చేయండి. ఒక దారిమార్పు ఇంకో దారిమార్పుకి పోతే మామూలుగా సాఫ్ట్‌వేర్ రెండో అడుగు వేయదు, పాఠకుడు మధ్యలో ఆగిపోతాడు. అలాంటివాటిని చూపించే ప్రత్యేక పేజీ ఒకటి ఉంది, సర్దడం అయిన రాత్రి దాన్ని తెరిచి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి పోకెమాన్ వికీ బల్బపీడియా తెగ చదువుతాడు. అందులో ప్రతి పోకెమాన్ పేరు వెనకా బ్రాకెట్లో మళ్ళీ పోకెమాన్ అని ఎందుకుంటుంది? వాడు సొంతంగా ఒక చిన్న వికీ పెడుతున్నాడు, అలాగే పెట్టాలా అని అడుగుతున్నాడు.
– డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆ ఆటలో ‘సైకిక్’ అనేది ఒక టైపు, ఒక మూవ్, ఒక రకం ట్రైనర్ కూడా. అందుకని వాళ్ళు ఏ పేజీ ఏ జాతిదో పేరులోనే చెబుతారు, పికాచూకి అయోమయం లేకపోయినా సరే. వికీపీడియా పద్ధతి దీనికి ఎదురు, అవసరమైనచోటే బ్రాకెట్. వేల పేజీలుండి, మూసలతో (పేరు ఇస్తే మిగతాది తామే నింపే అచ్చులతో) లింకులు తయారుచేసే వికీకి మొదటిది హాయి, ఎందుకంటే ఏ పేరైనా చూడకుండానే రాసేయొచ్చు. మీ అబ్బాయి వికీ చిన్నది కాబట్టి రెండోది చాలు. లింకులో బ్రాకెట్ ఉన్న పేరు రాసి చివర ఒక నిలువు గీత పెట్టి భద్రపరిస్తే, బ్రాకెట్ భాగం వాక్యంలో కనిపించకుండా పోతుందని చెప్పండి, సంతోషిస్తాడు.

ప్రశ్న: స్ట్రీట్ ఫైటర్‌లో వేగా అంటే ఎవరు? జపాన్ వీడియోల్లో ఒకరు, మన దగ్గర ఇంకొకరు. పేజీ ఎవరికి పెట్టాలి?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 బయటి దేశాలకి వెళ్ళేటప్పుడు ముగ్గురి పేర్లు గుండ్రంగా తిప్పేశారు. జపాన్‌లో బాక్సర్ పేరు ఎం. బైసన్, అది మైక్ టైసన్‌ని మరీ గుర్తుచేస్తోందని, కేసు పడుతుందేమోనని భయపడి అతన్ని బాల్‌రాగ్ చేశారు, బాల్‌రాగ్‌ని వేగా చేశారు, వేగాని బైసన్ చేశారు. అందుకే రెండు దేశాల ఆటగాళ్ళు కలిస్తే పేర్లు వదిలేసి బాక్సర్, క్లా, డిక్టేటర్ అనుకుంటారు. మీ పాఠకులు ఆడేది ఇంగ్లీషు ఆట, కాబట్టి ముసుగు, గోళ్ళు ఉన్నవాడే వేగా, పేజీ అతనికే. ఆ పేజీ నెత్తిన ‘జపాన్‌లో వేగా అని పిలిచే పాత్ర కోసం ఎం. బైసన్ చూడండి’ అని ఒక్క లైను పెట్టండి, మిగతా రెండు పేజీల మీద కూడా అలాంటి లైనే.