అయిదుగురి గేమ్‌ని ముగ్గురికి కుదించాలంటే మ్యాప్ ఒక్కటి మారిస్తే చాలదు

5 వర్సెస్ 5గా మొదలుపెట్టిన మీ షూటర్ గేమ్‌కి జనం దొరకడం కష్టమవుతోంది కాబట్టి 3 వర్సెస్ 3 చేద్దామనుకుంటున్నారు, మ్యాప్ కాస్త కుదిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. నేను గేమ్స్ తయారుచేసేవాణ్ణి కాదు, కాలేజీలో ఒక టీమ్ బాంబ్ పెట్టబోతే ఇంకో టీమ్ ఆపే కౌంటర్ స్ట్రైక్ 1.6తో మొదలై ఆ తర్వాత ఓవర్‌వాచ్ అనే హీరోల షూటర్‌లో ఏళ్ల తరబడి ట్యాంక్, అంటే ముందు నిలబడి దెబ్బలు కాచుకునే పాత్ర, ఆడినవాణ్ణి, కాబట్టి ఆడేవాడి వైపు నుంచే చెప్తాను.

ముందు చూడాల్సింది ఒకడు చస్తే టీమ్‌కి ఎంత నష్టం అన్నది. అయిదుగురిలో ఒకడు పోయినా ఇంకా నలుగురున్నారు, ఆట నడుస్తుంది. ముగ్గురిలో ఒకడు పోతే, మిగిలిన ఇద్దరిలో ఒకడు బాంబ్ పెడుతుంటే కాపలాకి ఇంకొక్కడే. రౌండ్ టైమ్, గన్ డ్యామేజ్, పడిపోయినవాణ్ణి లేపే పద్ధతి అన్నీ ఈ లెక్క మీదే నిలబడతాయి. మన కబడ్డీలో చూడండి, కోర్టులో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలినప్పుడు రైడర్‌ని పట్టేస్తే సూపర్ ట్యాకిల్ అని ఒక పాయింట్ ఎక్కువిస్తారు. మనుషులు తగ్గితే ఆ కష్టానికి వేరే రూల్ కావాలని వాళ్లు ముందే ఆలోచించుకున్నారు.

కౌంటర్ స్ట్రైక్‌లో డస్ట్ 2 అనే మ్యాప్ తీసుకోండి. బాంబ్ పెట్టడానికి రెండు సైట్లు, మధ్యలో మిడ్ అనే దారి. కాపాడేది అయిదుగురు. రెండు చోట్లకీ సమానంగా సర్దుకోలేరు, ఎవడో ఒకడు మిడ్ చూస్తూ ఉండాలి, లేదంటే ఒక సైట్‌లో ఎక్కువమంది, ఇంకో సైట్‌లో తక్కువమంది ఉండాలి. ఎక్కడ తక్కువున్నారో కనిపెట్టడమే అవతలివాళ్ల పని. చూపు మూసే పొగ బాంబు, స్మోక్, కూడా ఒక్కొక్కరికి ఒకటే, అంటే రౌండ్ మొదట్లో టీమ్ చేతిలో అయిదు మించి ఉండవు, వాటితో ఏ దారులు మూయాలో తేల్చుకోవాలి. మా కాలేజీ ల్యాబ్‌లో ఎంతమంది ఉంటే అంతమందిమీ ఒకే సర్వర్‌లో దూరేవాళ్లం, ఆ మ్యాప్‌లో లాంగ్ డోర్స్ అనే ఇరుకు ద్వారం దగ్గర జాతరే, ప్లాన్ అన్న మాటే లేదు. సరదాకి లోటేం లేదు గానీ అది వేరే ఆట. కౌంటర్ స్ట్రైక్ తర్వాతి వెర్షన్ సీఎస్‌గోలో, దాన్ని తయారుచేసే వాల్వ్ కంపెనీ 2 వర్సెస్ 2 వింగ్‌మన్ మోడ్ తెచ్చినప్పుడు రెండు సైట్లూ ఉంచలేదు, ఒక్కటే ఉంచింది.

ఇక నాకు బాగా తగిలింది ఓవర్‌వాచ్ సంగతి. 2016లో వచ్చినప్పుడు 6 వర్సెస్ 6. 2019లో రోల్స్ ఖాయం చేశారు, ఇద్దరు ట్యాంకులు, కాల్చడమే పనిగా ఇద్దరు డ్యామేజ్, గాయాలు మాన్పే హీలర్లుగా ఇద్దరు సపోర్ట్. అప్పట్లో ఒరీసా, సిగ్మా అనే ట్యాంక్ హీరోలిద్దరూ అద్దాల్లాంటి షీల్డులు అడ్డం పెడితే మ్యాచ్ మొత్తం అద్దాన్ని కాల్చుకుంటూ కూర్చోవడమే. పైగా ట్యాంక్ ఆడేవాళ్లు తక్కువ, డ్యామేజ్ ఆడాలనుకున్నవాళ్లు మ్యాచ్ దొరికేదాకా క్యూలో పడిగాపులు. 2022లో ఓవర్‌వాచ్ 2 వచ్చి ఒక ట్యాంక్‌ని తీసేసి 5 వర్సెస్ 5 చేసింది. తీసేసింది ఒక్కణ్ణే, కానీ మిగిలిన ట్యాంక్ ఇద్దరి బరువు మోయాలి కాబట్టి వాడి బలం పెంచారు, ఒరీసాని దాదాపు కొత్త హీరోగా మార్చారు, డ్యామేజ్‌లో ఉన్న డూమ్‌ఫిస్ట్ అనే హీరోని ట్యాంక్ చేశారు, మేయీ అనే హీరో గడ్డకట్టించడం లాంటి కదలకుండా ఆపేసే దెబ్బలు చాలా తీసేశారు.

ఆడేవాడికి ఏమైందంటే, మ్యాచ్ పోతే తిట్లన్నీ ట్యాంక్‌కే. ఇంతకుముందు ఒకడు ముందుకెళ్తే ఇంకొకడు వెనక సపోర్ట్‌ని చూసుకునేవాడు, ఇప్పుడు రెండూ నేనే. అవతల అయిదుగురూ నా ఒక్కడి హీరోని చూసి వాళ్ల హీరోలని మార్చేస్తారు, నేనూ మార్చాలి, మళ్లీ వాళ్లు మారుస్తారు, ఒకటే టెన్షన్. 2024 చివర్లో 6 వర్సెస్ 6ని మళ్లీ పరీక్షకి పెట్టినప్పుడు ట్యాంకుల బలం తగ్గించాల్సి వచ్చింది. ఎటు వెళ్లినా లెక్కలన్నీ మళ్లీ కట్టుకోవాల్సిందే. నాకైతే ఆరుగురే ఇష్టం, క్యూ ఎక్కువైనా సరే.

ఫోన్‌లో ఆడే షూటర్ బీజీఎంఐలోనూ ఈ లెక్క కనిపిస్తుంది, స్క్వాడ్ అంటే నలుగురు, యూఏజెడ్, డాసియా అనే బండ్లలో సీట్లూ నాలుగే. బగ్గీ ఒక్కటే దొరికిందనుకోండి, ఇద్దరికే చోటు, ఇంకో బండి కోసం ఇద్దరు పరిగెత్తాలి, స్క్వాడ్ చీలినట్టే. ఒక్కడే ఆడే సోలోలో నాక్, అంటే పడిపోయి ఎవరైనా లేపేదాకా ఉండటం, అన్నదే లేదు, లేపడానికి మనిషి లేడు కాబట్టి నేరుగా అవుట్. ఏపెక్స్ లెజెండ్స్ అనే ఇలాంటి షూటర్‌లో మామూలుగా టీమ్‌కి ముగ్గురే, అక్కడ చచ్చినవాడు వదిలిన బ్యానర్ అనే గుర్తు తీసుకెళ్లి వాణ్ణి మళ్లీ ఆటలోకి తెప్పించొచ్చు.

జనాన్ని పెంచినా తిప్పలే. బ్యాటిల్‌ఫీల్డ్ 2042 అనే యుద్ధం గేమ్ మ్యాచ్‌కి 128 మందితో వచ్చింది, యుద్ధం కంటే నడకే ఎక్కువైందని జనం గోలపెట్టారు, తర్వాత మ్యాప్‌లు సరిదిద్దుకుంటూ కూర్చున్నారు.

మీ గేమ్‌కొస్తే, రెండు సైట్లుంటే ఒకటి తీసేయండి. రౌండ్ టైమ్ తగ్గించండి. హీలర్‌ని తప్పనిసరి చేయకండి, ముగ్గురిలో ఒకడు హీలర్ అయితే కాల్చేది ఇద్దరే. అన్నిటికంటే ముఖ్యం, మధ్యలో వెళ్లిపోయేవాళ్ల సంగతి చూడండి, ఫోన్ గేమ్ అయితే మరీను, కాల్ వస్తుంది, నెట్ పోతుంది. 5 వర్సెస్ 4 ఎలాగో లాక్కురావచ్చు, 3 వర్సెస్ 2 అంటే చాలామంది గేమ్ మూసేసి వెళ్లిపోతారు. అందుకే 3 వర్సెస్ 3 బాగుందో లేదో చూసేముందు, మీలో మీరే 3 వర్సెస్ 2గా కొన్ని మ్యాచ్‌లు ఆడి, ఆ ఇద్దరికి ఏమిస్తే ఆట వదిలేయకుండా ఉంటారో తేల్చుకోండి.