ఎడమ యురేటర్ కనిపించనప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

డాక్టర్ గారూ, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే జబ్బు), రెండు పాత సిజేరియన్లు ఉన్న పేషెంటుకు రోబోతో గర్భసంచి తీసేటప్పుడు ఎడమ యురేటర్ (కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే నాళం) దొరకడం లేదన్నారు. దయచేసి గర్భాశయ ధమని దగ్గర, అతుకుల మధ్య వెతకకండి. కటి అంచు దగ్గర, కాలికీ కటికీ రక్తం తెచ్చే కామన్ ఇలియాక్ ధమని రెండుగా చీలే చోట మొదలుపెట్టండి. యురేటర్ అక్కడే దాన్ని దాటి కిందికి దిగుతుంది. ఎడమవైపు ఆ చోటును సిగ్మాయిడ్ పేగు (పెద్దపేగు చివరి వంపు) కప్పేస్తుంది కాబట్టి ముందు దాని పక్క అతుకులు విడదీసి జరపాలి. పెరిటోనియం (కడుపు లోపలి పలుచని పొర) తెరిస్తే యురేటర్ బ్రాడ్ లిగమెంట్ (గర్భసంచిని పక్కలకు పట్టి ఉంచే ఆ పొర మడత) లోపలి పొరకు అంటుకుని కనిపిస్తుంది. ధమని కొట్టుకుంటుంది, యురేటర్ మాత్రం అలలా ముడుచుకుంటూ సాగుతుంది. చాలా రోబోలలో చేతికి స్పర్శ తెలియదు. అందుకే ఆ కదలికను కళ్లారా చూడనిదే దేన్నీ కరెంటు పరికరంతో కాల్చవద్దని గట్టిగా చెబుతాను.

అక్కడి నుంచి దాన్ని కిందికి అనుసరించండి. గర్భాశయ ముఖద్వారానికి సుమారు 2 సెంటీమీటర్ల దూరంలో అది గర్భాశయ ధమని కిందుగా వెళుతుంది. ఎండోమెట్రియోసిస్‌లో ఇంకా దగ్గరకు లాగబడి ఉండవచ్చు. ధమనిని పట్టే ముందు యోనిలోంచి గర్భాశయ ముఖద్వారం చుట్టూ అమర్చిన కప్పు లాంటి పరికరాన్ని పైకి నెట్టించండి, యురేటర్ దూరమవుతుంది. సిజేరియన్ మచ్చ దగ్గర మూత్రాశయం అంచు తెలియకపోతే దాన్ని సెలైన్‌తో (ఉప్పునీటి ద్రావణం) నింపి చూడండి. చివర్లో సిస్టోస్కోపీ (మూత్రాశయం లోపల కెమెరాతో చూసే పరీక్ష) తప్పక చేయండి.